ఎర కన్నా ఎరుక

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి ఒక మాట అడిగారు. "నువ్వు అమెరికాలో ఏటా పెద్ద పెద్ద సూరలు పడుతున్నావు కదా, ఆ రంగురంగుల గేలాలు ఓ పెట్టెడు తెస్తే స్వర్ణోత్సవ కానుకగా మన రేవు కుర్రాళ్లకి పంచుదాం" అన్నారు. మంచి మనసుతో అడిగిన మాట. కాదనడానికి నోరు రాలేదు, సరే అనడానికి మనసొప్పలేదు. అందుకే ఈ ఇరవై నిమిషాలు అడిగి తీసుకున్నాను. ఆ గేలాలు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పనిచేస్తాయో చెబుతాను. ఆ తర్వాత పెట్టెడు గేలాలు కావాలో, ఇంకేదైనా కావాలో మీరే తేల్చండి.

ముందుగా ఒక మాట. నాకు వేట బతుకుతెరువు కాదు, సరదా. నేను న్యూజెర్సీలో ఇంజనీరు ఉద్యోగం చేస్తాను. పద్దెనిమిదేళ్లుగా వేసవిలో నలుగురం ఖర్చు పంచుకుని, ఒక కెప్టెన్ పడవలో అట్లాంటిక్ లోపలికి వెళ్తుంటాం. మేం వెతుక్కుంటూ పోయే చేప ఒక్కటే. దాని పేరు బిగ్ ఐ ట్యూనా. పెద్ద కన్ను సూర అనుకోండి.

మన పడవలకు పడే పసుపు రెక్కల సూరకి ఇది దగ్గరి చుట్టం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు థన్నస్ ఒబేసస్. ఒబేసస్ అంటే లావుపాటిది అని. పైనుంచి చూస్తే రెండూ ఒకే తల్లి బిడ్డల్లా ఉంటాయి. బిగ్ ఐ ఒళ్లు బొద్దుగా, కన్ను పెద్దదిగా ఉంటుంది. అయినా అనుమానం తీరకపోతే కడుపు కోసి కాలేయం చూడాలి. పసుపు రెక్కల దానికి నున్నగా ఉంటుంది, బిగ్ ఐకి చారలు కనిపిస్తాయి. గేలానికి పడినవాటిలో రికార్డు చేప 1957లో పెరూ దేశపు కాబో బ్లాంకో దగ్గర పడింది. 435 పౌండ్లు, అంటే 197 కిలోలు. అట్లాంటిక్‌లో రికార్డు 1996లో కెనరీ దీవుల దగ్గర పడిన 392 పౌండ్ల చేప. మాకు తగిలేవి సాధారణంగా 60 నుంచి 100 కిలోల మధ్య ఉంటాయి.

ఈ చేపకి అంత కన్ను ఎందుకు? పగలంతా ఇది 300 నుంచి 500 మీటర్ల లోతున తిరుగుతుంది. నీళ్లలోకి దిగిన కొద్దీ వెలుతురు ఎలా చస్తుందో మన సైన్సు మాస్టారు చెప్పారు. ముందు ఎరుపు పోతుంది, చివరిదాకా మిగిలేది నీలం. ఆ లోతున మిగిలే ఆ కాస్త నీలి మసకలోనే ఇది తిండి వెతుక్కోవాలి. దాని తిండి స్క్విడ్‌లు, లోతునుండే చిన్న చేపలు. అవి చీకటి పడగానే పైకి వస్తాయి, తెల్లవారగానే కిందికి దిగుతాయి. వాటి వెంటే ఇదీను.

అంత లోతున నీళ్లు మంచులా ఉంటాయి. మామూలు చేపయితే బిగుసుకుపోతుంది. దీని ఒంట్లో వేడి నెత్తురు బయటికి పోయే సన్నని నాళాలూ, చల్లని నెత్తురు లోపలికి వచ్చే నాళాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వేడి నీళ్ల గొట్టాన్నీ చన్నీళ్ల గొట్టాన్నీ జంటగా కట్టినట్టు. పోయే వేడిని వచ్చేది పట్టుకుంటుంది. అందుకే కండ వెచ్చగా ఉంటుంది. అయినా మధ్య మధ్య పైకి వచ్చి ఒళ్లు కాచుకుని మళ్లీ దిగుతుంది.

ఇది శాస్త్రం. వేటగాడికి ఇందులో ఉన్న సంగతి ఏమిటంటే, మేం లాగే ఎర నీటి పైనే ఉంటుంది. చేపేమో రోజులో ఎక్కువ సేపు నాలుగు వందల మీటర్ల కింద ఉంటుంది. ఎంత ఖరీదైన బొమ్మ లాగినా, కింద ఉన్న చేప కంటికి అది ఆనదు. అది పైన ఉండి, వెలుతురు కూడా సరిపోయే సమయం బాగా కొద్ది. తూర్పు తెల్లబడేటప్పుడు ఓ ముప్పావు గంట, పొద్దు గుంకేటప్పుడు ఓ ముప్పావు గంట. మధ్యాహ్నం తగలదని కాదు, తగిలితే అదృష్టం అనుకోవాలి.

ఇక చోటు. సోషల్ మాస్టారు గ్లోబు తిప్పి ఖండతీరపు అంచు, ఖండతీరపు వాలు అని చెప్పేవారు గుర్తుందా? విశాఖ ఒడ్డున ఆ అంచు తీరానికి చాలా దగ్గర. న్యూయార్క్, న్యూజెర్సీల దగ్గర అది సుమారు నూరు మైళ్ల దూరం. ఆ అంచులో హడ్సన్ కాన్యన్ అనే పెద్ద లోయ ఉంది. మంచు యుగంలో సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా దిగి ఉన్నప్పుడు, హడ్సన్ నది ఆ నేల మీదుగా పారి ఆ అంచు దగ్గర సముద్రంలో కలిసేది. నేల మునిగిపోయినా నది దారి మిగిలింది. ఆ దారి చివరనే ఈ లోయ. లోతు నీళ్లు ఆ లోయ గోడలకి కొట్టుకుని పైకి లేస్తాయి. ఎరువు లాంటి లవణాలు పైకొస్తాయి, వాటి వల్ల నాచు, నాచు వల్ల పురుగు, పురుగు వల్ల స్క్విడ్, స్క్విడ్ కోసం సూర.

లోయంతా చేప ఉండదు. అది అరవై మైళ్లు మించిన లోయ. అక్కడికి గల్ఫ్ స్ట్రీమ్ ఉష్ణ ప్రవాహం నుంచి విడిపోయిన వెచ్చని సుడులు వస్తుంటాయి. వెచ్చని నీలి నీళ్లూ, చల్లని పచ్చ నీళ్లూ కలిసే చోట గట్టు కట్టినట్టు ఒక గీత కనిపిస్తుంది. నాచు కొట్టుకొచ్చి ఆ గీత మీద ఆగుతుంది, చిన్న చేప ఆగుతుంది, పెద్ద చేప ఆ పక్కన కాపు కాస్తుంది. ఆ గీత ఎక్కడుందో మేం ఒడ్డు మీదుండగానే ఉపగ్రహ పటాల్లో చూసుకుంటాం. అందుకోసం ఏడాదికింతని డబ్బు కడతాం. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చోటికి చేరాక కళ్లతో చూసేది పైలట్ తిమింగిలాలని. అవీ స్క్విడ్ తినేవే. అవి గుంపుగా నెమ్మదిగా పోతుంటే మా కెప్టెన్ పక్కనే పడవ నడుపుతాడు. చాలాసార్లు బిగ్ ఐలు వాటి కింద ఉంటాయి.

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న గేలాల సంగతి. నడిచే పడవ వెనక ఎర లాగుతూ పోవడాన్ని ట్రోలింగ్ అంటారు. మన ట్రాల్ వల వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని కలిపేయకండి. పడవ వేగం ఆరు నుంచి ఏడు నాట్లు. ఆరున్నర నాట్లంటే గంటకి 12 కిలోమీటర్లు, సైకిలు వేగం. వెనక ఏడు నుంచి తొమ్మిది తాళ్లు ఉంటాయి. కొన్ని పడవకి దగ్గరగా నురగ పక్కన, కొన్ని రెండు పక్కలా బయటికి చాచిన పొడవాటి వాసాల నుంచి, ఒకటి నడిమధ్యన అన్నిటికన్నా దూరంగా. పైనుంచి పక్షి చూస్తే చిన్న చేపల మంద పడవ వెంట పరిగెడుతున్నట్టుండాలి.

ఇదిగో, నా చేతిలో ఉన్నది స్ప్రెడర్ బార్. మూడడుగుల సన్నని కమ్మీ. దీనికి ఐదు వరసల్లో రబ్బరు స్క్విడ్‌లు. లెక్కపెడితే ఇరవై ఒకటి. గేలం ఎన్నిటికి ఉందో చూడండి. ఒక్కదానికే. నడిమి వరసలో అన్నిటికన్నా వెనక వేలాడే దానికి మాత్రమే.

నిన్న సాయంత్రం దీన్ని మా బెంచి మిత్రుడికి చూపించాను. మూడో వరుసలో కూర్చున్నాడు చూడండి, పాతికేళ్లుగా మరపడవ సరంగు. "ఏట్రా ఇది, ఒక్క గేలానికి ఇన్ని బొమ్మలా?" అన్నాడు. నేను విప్పి చెప్పేలోపే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓహో, మందలాగ అగుపడాల. ఎనకబడ్డదాన్నే పెద్దచేప కొడతాది. అందుకే గేలం ఆఖర్న కట్టినాడు" అన్నాడు. నేను పుస్తకాలు చదివి, కెప్టెన్ల దగ్గర విని తెలుసుకున్న సంగతి వాడు అర నిమిషంలో చెప్పేశాడు. ఇంతకు మించి ఈ గేలంలో రహస్యం ఏమీ లేదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. బార్ ముందు రెక్కలున్న బొమ్మ పిట్ట ఒకటి కడతారు. అది నీళ్లు చిమ్ముతూ పోతుంది, మంద బెదిరి గెంతుతున్నట్టు ఉంటుంది. కొన్ని బార్లు పక్కకి లాక్కుంటూ నురగ బయట శుభ్రమైన నీళ్లలో నడుస్తాయి. సీడార్ ప్లగ్ అని ఇంకొకటి ఉంది. వేలెడంత దేవదారు కర్ర ముక్క, తలకి సీసం, తోకకి గేలం. రంగు కూడా లేని రకాన్నే చాలామంది ఇష్టపడతారు. అది వంకరటింకరగా ఈదుతుంది, అదే దాని అందం. బల్లీహూ అనే ముక్కు పొడవు చేపని ఉప్పు పట్టించి, ముందు రంగు కుచ్చు తొడిగి లాగడం మరో పద్ధతి. అది తిన్నగా ఈదాలి. గిరగిరా తిరిగితే తాడు మెలిపడుతుంది, చేప దగ్గరికి రాదు.

రంగులంటారా? చేప కింది నుంచి పైకి చూస్తుంది. వేకువన దానికి కనిపించేది మసక ఆకాశం మీద నల్లటి నీడ. అందుకే ఆ వేళ నలుపు, ముదురు ఊదా, ముదురు ఆకుపచ్చ లాగుతాం. పొద్దెక్కాక గులాబీ, లేత ఆకుపచ్చ. ఇవన్నీ కొంత అనుభవం, కొంత నమ్మకం. దుకాణం గోడకి వేలాడే బొమ్మల్లో సగం చేపని పట్టడానికి చేసినవి, సగం మనిషిని పట్టడానికి చేసినవి.

చేప కొట్టినప్పుడు ఏం చేయాలన్నది బొమ్మకన్నా ముఖ్యం. బిగ్ ఐలు ఒంటరిగా రావు. ఒకటి కొట్టగానే పడవ ఆపేస్తే మిగిలిన ఎరలు చచ్చినట్టు మునిగిపోతాయి. అందుకే కెప్టెన్ ఆపడు. ఆ చోటుని యంత్రంలో గుర్తు పెట్టి, అదే వేగంతో కొంత దూరం పోతాడు. ఆ కొద్ది క్షణాల్లోనే రెండో కర్ర, మూడో కర్ర వంగుతాయి. తర్వాత చేప నిట్టనిలువునా కిందికి దిగుతుంది. 80 పౌండ్ల తాడుకి బ్రేకు పాతిక పౌండ్లు, తాడు బలంలో మూడో వంతు. గంట, ఒక్కోసారి రెండు గంటలు. నడుముకి పట్టీ కట్టుకుని, మోకాళ్లు వంచి, మూరెడు మూరెడుగా తేవాలి. ఆఖర్న అది పడవ కింద వలయాలు తిరుగుతుంది. వలయం మన వైపు వచ్చేటప్పుడు చుట్టుకోవాలి, అవతలికి పోయేటప్పుడు ఊరుకోవాలి.

ఇక్కడ ఒక రోజు సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కిందట జూలై నెల, వేకువ. ఐదు కర్రలు ఒకేసారి వంగాయి. రెండు తెగిపోయాయి, మూడు చేపలు పడవెక్కాయి. ఒక్కొక్కటి ఎనభై కిలోలకి తక్కువ లేదు. చేపలు ఇంకా అక్కడే ఉన్నాయి, తెరమీద కనిపిస్తున్నాయి. మాకు పూనకం వచ్చినట్టుంది. మా కెప్టెన్, అరవై దాటిన మనిషి, తాళ్లన్నీ పైకి తీయమన్నాడు. మాలో ఒకాయన, "బిగ్ ఐకి రోజుకి ఇన్నేనని లెక్క లేదు కదా" అన్నాడు. నిజమే. అక్కడ పసుపు రెక్కల దానికి మనిషికి మూడనే హద్దు ఉంది. బిగ్ ఐ మాత్రం 27 అంగుళాలు దాటితే చాలు, లెక్క లేదు. కెప్టెన్ ఒక్కటే మాటన్నాడు: "చట్టంలో లెక్క లేకపోతే ఐసు పెట్టెలో లెక్క ఉంది. మన ఐసుకి సరిపడా చేపే మన చేప."

అది ధర్మోపన్యాసం కాదు, లెక్క. ఇంతసేపు పోరాడిన సూర ఒళ్లు కాలిపోతూ ఉంటుంది. వెంటనే నెత్తురు తీసి, పేగులు తీసి, ఐసూ సముద్రపు నీళ్లూ కలిపిన గుజ్జులో ముంచకపోతే ఎర్రటి కండ పాలిపోతుంది. ఇంకా ఆలస్యమైతే హిస్టమిన్ పుడుతుంది. అది వండినా పోదు. తిన్నవాడికి ఒళ్లు ఎర్రబడి తలనొప్పి పట్టుకుంటుంది. పైగా సరదా వేట పర్మిట్ మీద పట్టిన చేప అమ్మడానికి వీల్లేదు. నాలుగో చేపని చంపితే పారేయడానికే చంపాలి.

సముద్రంలో చేప లెక్క కూడా చూడాలి. అట్లాంటిక్ సూరల కోసం 1966 ఒప్పందంతో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఒకటి ఉంది, దాని కార్యాలయం మాడ్రిడ్‌లో. ఆ సంఘం శాస్త్రజ్ఞులు 2018లో లెక్క చూసి, అట్లాంటిక్‌లో బిగ్ ఐ ఉండవలసిన దానికన్నా తగ్గిపోయిందని తేల్చారు. లోతు గేలాలకి పెద్దవి పోతున్నాయి. తేలే తెప్పల కింద చేరిన పిల్లల్ని పెద్ద పెద్ద వలలు చుట్టేస్తున్నాయి. మా నాలుగు కర్రల వల్ల సముద్రం ఖాళీ అవదు. కానీ అందరూ అనుకునే మాట కూడా అదే.

ఇప్పుడు కార్యదర్శి గారి ప్రశ్నకి వస్తాను. ఈ గేలాలు మన కుర్రాళ్లకి పంచుదామా?

డీజిలు లెక్క వేయండి. వేకువ నాలుగు నుంచి పదకొండు దాకా ఆరున్నర నాట్ల మీద లాగితే 45 నాటికల్ మైళ్లు, 80 కిలోమీటర్ల పైన. పోయి రావడం వేరే. పోయిన వేసవిలో మేం ఆరుసార్లు వెళ్తే రెండుసార్లే బిగ్ ఐ తగిలింది. సరదాకైతే నలుగురు ఉద్యోగస్థులు పంచుకుంటారు. బతుకుతెరువుకైతే ఆ నాలుగు ఖాళీ ప్రయాణాల డీజిలు ఎవరి నెత్తిన పడుతుంది? మన వాళ్లు చేతి గేలంతో, ఎర వేసి ఆగి పట్టే పద్ధతి ఊరికే పుట్టలేదు, తక్కువ డీజిలుతో పుట్టింది. ఫోన్లో వీడియోలు చూసి, ఒక్కో బార్‌కి వేలు పోసి అప్పు చేసి కొనాలనుకునే తమ్ముళ్లు ఈ సభలో ఉంటే, ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోండని నా మనవి.

అయితే అక్కడి నుంచి తెచ్చుకోవలసింది లేదా? ఉంది. అది మన దగ్గరే ఉంది. నేను డబ్బు కట్టి చూసే ఉపగ్రహ పటాలున్నాయే, నీటి వేడి, నాచు రంగు చూపించేవి, ఆ సమాచారంతోనే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల సూచనలు ఇస్తోంది. పైసా తీసుకోదు. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరం, ఎంత లోతు అన్నది తెలుగులోనే ఇస్తుంది. సూరల కోసం ప్రత్యేకంగా కూడా ఇస్తుంది. మన రేవులో ఎంతమంది అది రోజూ చూస్తున్నారు?

అందుకని సంఘానికి నా ప్రతిపాదన రెండు మాటల్లో చెబుతాను. గేలాల పెట్టెకి అయ్యే డబ్బుతో మంచి ఐసు పెట్టెలు కొందాం. చేపకి ధర తెచ్చేది బొమ్మ కాదు, ఐసు. రెండోది, మన బడి తొమ్మిదో తరగతి పిల్లలు వేట విరామం ముగిసిన జూన్ 15 నుంచి ఏడాది పాటు, సూచన వచ్చిన ప్రతిరోజూ ఆ వివరాలు రేవు దగ్గర నల్లబల్ల మీద రాయాలి. దూరం, దిక్కు, లోతు వాళ్లే పటం మీద గుర్తించాలి. తిరిగొచ్చిన సరంగులు ఎక్కడ ఏం పడిందో పక్కన చెప్పాలి, పిల్లలు రాసుకోవాలి. ఉపగ్రహం చెప్పింది ఎన్నిసార్లు నిజమైందో, మన సరంగు మాట ఎన్నిసార్లు నిజమైందో ఏడాది చివర ఆ పుస్తకం చెబుతుంది. లెక్కల మాస్టారికి, సైన్సు టీచర్ గారికి, సోషల్ మాస్టారికి ముగ్గురికీ అందులో పాఠం ఉంది. ఆ పుస్తకాలకి, బల్లకి అయ్యే ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.

ఈ స్ప్రెడర్ బార్‌ని గేలం విప్పేసి సైన్సు గదికి ఇస్తున్నాను. పిల్లలు దాన్ని చూసి చేప కంటితో ఆలోచించడం నేర్చుకుంటే చాలు.